కళ్లకద్దుకున్న బంతి

మా ముత్తాత పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. నిజాం కాలంలో మెదక్ సుబాగా ఉన్న రోజుల్లో సుబేదారు దర్బారు పెడితే, కుర్చీ వేసి కూర్చోబెట్టే కొద్దిమందిలో ఆయన ఒకడు. తక్కినవాళ్లు నిలబడేవారు. మా తాత దగ్గరికి వచ్చేసరికి ఊళ్లు ఏడయ్యాయి, కచేరీ మాత్రం నిలిచింది. గట్టు తగాదా, బావి నీళ్ల వంతు, అన్నదమ్ముల పంపకం, ఏదైనా కోర్టుకు పోకముందు ఆయన ముందుకు వచ్చేది. ఒకసారి చెప్పిన తీర్పును ఆయన మార్చినట్టు ఎవరూ ఎరగరు. మా నాన్న కాలానికి తీర్పులు లేవు. ఆయన సంతకాలు మాత్రం పెట్టాడు, అన్నీ అమ్మకం కాగితాల మీదే.

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. కుల్చారంలో తొమ్మిదేళ్లు, చేగుంటలో ఆరేళ్లు, మిగతా సర్వీసంతా మెదక్‌లోనే చేసి రిటైరయ్యాను. ఈ ఉద్యోగం మా వాళ్లెవరికీ నచ్చలేదు. "దేశ్‌ముఖ్ మనుమడు నోట్ల సీటీ పెట్టుకొని ఉరుకుతుండు" అని మా మేనత్త ఒక పెళ్లిలో అందరి ముందూ అంది. నేను సీటీ ఊదితే ఇరవై మంది ఆగుతారు, ఆమె పిలిస్తే ఆమె కోడళ్లే ఆగరు. ఆ మాట అప్పుడు తట్టి ఉంటే అనేవాణ్ణి.

ఇవన్నీ ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒక బేస్‌బాల్ మ్యాచ్‌లో మూడో బేస్ దగ్గర నిలబడి ఇచ్చిన తీర్పు గురించి రాస్తున్నాను.

మెదక్‌లో బేస్‌బాల్ ఏమిటని హైదరాబాదులో ఉన్న మా బంధువులు నవ్వుతారు. స్కూలు ఆటల జాబితాలో అదీ ఉంది. క్రికెట్‌కు జిల్లా అంతా ఎగబడుతుంది, దీనికి పట్టుమని యాభై మంది రారు. సర్టిఫికెట్టుకు మాత్రం అదే విలువ. అందుకని పిల్లలు వస్తారు, వచ్చినవాళ్లలో కొందరు ఆట మీద ఇష్టంతో ఉండిపోతారు. నన్ను పట్టుకున్నది దాని నియమాల పుస్తకం. ప్రతి చిన్న కదలికకూ అందులో ఒక వాక్యం ఉంది. శిక్షణకు వెళ్లి, పరీక్ష రాసి, అంపైర్ల ప్యానెల్‌లోకి వచ్చాను. ఇరవై రెండేళ్లు అందులో ఉన్నాను. మోకాళ్లు వంగినన్నాళ్లు బ్యాటర్ వెనక వంగి చూశాను, వంగడం మానేశాక బేస్‌ల దగ్గరికి మారాను. నిలబడడానికి నాకు ఇప్పటికీ ఇబ్బంది లేదు. చిన్నప్పుడు గోడకు ఆనుకుని నిలబడితే మా ఇంట్లో తిట్టేవారు.

ఆ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క నియమం చెప్పాలి. బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు. ఎదుటి జట్టు రన్నర్లు బేస్‌ల మీద ఉన్నప్పుడు పిచర్ ఇష్టమొచ్చినట్టు విసరకూడదు. పక్కకు తిరిగి నిలబడి, బంతి ఉన్న చేతినీ గ్లవ్‌నూ కలిపి ఒంటి ముందుకు తెచ్చి, పూర్తిగా ఆగాలి. ఆ ఆగడం చూసేవాళ్లకు కనబడాలి. ఆగాక చేతులు మళ్లీ పైకి లేపితే, విసురుతున్నట్టు నటించి రన్నర్‌ను మోసం చేసినట్టే లెక్క. ఆ తప్పును బాల్కు అంటారు. బాల్కు అయితే రన్నర్లందరూ తలా ఒక బేస్ ముందుకు జరుగుతారు. మూడో బేస్ మీద ఉన్నవాళ్లకు పరుగు వచ్చినట్టే. అంటే అంపైర్ చూడాల్సింది ఒక్కటే: కదిలి ఆగిందా, ఆగి కదిలిందా.

ఆ పిచర్ మా ఊరి అమ్మాయే. డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. వాళ్ల నాన్న బస్టాండు దగ్గర చిన్న దుకాణంలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మా ఇంట్లో మిషను కూడా రెండుసార్లు ఆయన చేతిలో పడింది. పొద్దున దుకాణం తెరిచి, స్క్రూడ్రైవర్‌ను కళ్లకద్దుకున్నాకే మొదటి మిషను విప్పుతాడు. కూతురికీ అదే అలవాటు వచ్చింది. విసిరే ప్రతి బంతినీ ముందు కళ్లకద్దుకుంటుంది. ఆమె ఆట గురించి విన్నానే తప్ప, అంతవరకు దగ్గరగా నిలబడి చూడలేదు.

ఆ ఏడాది అంతర్ జిల్లా ఫైనల్ మా కాలేజీ మైదానంలో జరిగింది. నలుగురు అంపైర్లు ఉండాలి, ఒకరు రాలేదు. ఆడే జట్టు ఊరివాణ్ణి అంపైర్‌గా పెట్టకూడదు. వేరే మనిషి దొరకక, రెండు జట్ల కోచ్‌లనూ అడిగి, నన్ను మూడో బేస్ దగ్గర పెట్టారు. రాష్ట్ర జట్టు ఎంపిక చేసేవాళ్లు షామియానా కింద కూర్చున్నారు. జట్టుకు ఇద్దరు పిచర్లు కావాలి. ఒకరి పేరు అప్పటికే ఖాయమైంది. రెండో చోటు కోసం మా ఊరి అమ్మాయినే చూస్తున్నారని అందరికీ తెలుసు. రాష్ట్ర జట్టులో ఆడితే వ్యాయామ విద్య కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటుకు ఆ అమ్మాయికి అర్హత వస్తుంది. ఆమెకు ఇంకో దారి లేదు. మార్కులు అంతంతమాత్రమని ఆమే చెప్పింది, తర్వాత.

ఆరు ఇన్నింగ్స్‌లు ఆమె బాగా వేసింది. బేస్‌ల మీదికి ఎవరినీ పెద్దగా రానివ్వలేదు కాబట్టి, నేను చూడాల్సిన ఆ ఆగడం అవసరమే పడలేదు. చివరిదైన ఏడో ఇన్నింగ్స్‌లో, పక్క జిల్లా ఆఖరి బ్యాటింగ్‌లో, స్కోరు సమానంగా ఉండగా, మొదటి బేస్ మీద ఒకరు, మూడో బేస్ మీద ఒకరు చేరారు. ఇద్దరు అప్పటికే అవుటయ్యారు. బ్యాటర్‌కు ఇంకో స్ట్రయిక్ పడితే ఇన్నింగ్స్ ముగుస్తుంది. అప్పుడు పక్క జిల్లా కోచ్ గీత దాకా వచ్చి నా మీద అరిచాడు.

"అంపైర్ సాబ్! ఆమె చేతులు జూడుండ్రి! ఆగినంక లేపుతుంది! మీ ఊరి పిల్ల అని ఇడిసిపెడుతుండ్రా?"

నేను అతనివైపు తిరగలేదు. కానీ ఆ మాట తగిలింది. పిచర్ వైపు కళ్లు పెట్టాను. కుడిచేతి పిచర్ పక్కకు తిరిగి నిలబడితే ముఖం మూడో బేస్ వైపు ఉంటుంది. అంటే నాకు ఎదురుగా. ఆమె రెండు చేతులూ జోడించి కళ్లదాకా ఎత్తింది. ఆ తర్వాత నేను చూసింది, చేతులు విడివడి బంతి వెళ్లిపోవడం. బ్యాటర్ తిప్పింది, తగల్లేదు. మా ఊరివాళ్లు లేచి అరిచారు. నేను చేయెత్తి "బాల్కు" అన్నాను.

బాల్కు పడితే ఆ స్ట్రయిక్ చెల్లదు. మూడో బేస్ మీద ఉన్న అమ్మాయి నడుచుకుంటూ హోమ్ ప్లేటుకు చేరింది, గెలుపు పరుగు వచ్చింది. మ్యాచ్ అయిపోయింది.

నా వెనక ఎవరో అడిగారు. "బాల్కు అంటే ఏందే?"

"దొరకు కోపమొచ్చిందన్నట్టు" అన్నాడు ఇంకొకడు. పదిమంది నవ్వారు.

పిచర్ కదల్లేదు. క్యాచర్ బంతిని తెచ్చి ఆమె గ్లవ్‌లో పెట్టింది. మిగతావాళ్లు సామాన్లు సర్దుకుంటుంటే నా దగ్గరికి వచ్చింది.

"సార్, నేను ఆగిన."

"ఆగినంక కదిలినవు" అన్నాను.

ఆమె గ్లవ్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఓడిపోయాక అంపైర్ మీదికి వచ్చే పిల్లల్ని చాలామందిని చూశాను.

సాయంత్రం హోటల్లో టీ తాగుతుంటే మా జిల్లా సంఘం కార్యదర్శి వచ్చి పక్కన కూర్చున్నాడు. ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, మాట మెత్తన. "సొంత ఊరికే ఎదురు ఇచ్చిండ్రు సార్. దొరతనం అంటే గిది" అన్నాడు. నేను టీ తాగాను. ఆ మాట నాకు ఎంత బాగుందో ముఖంలో కనబడకుండా తాగాను. ఇంటికి వెళ్లి నివేదిక రాశాను. ఎంపిక కమిటీకి ఫైనల్ అంపైర్ల నివేదికలు వెళ్తాయి. "సదరు పిచర్ చేతులు జోడించి ఆగిన తర్వాత వాటిని పైకెత్తడం అలవాటుగా ఉంది. డెలివరీ నియమ విరుద్ధం" అని రాశాను. అలవాటు అనే మాట అవసరం లేదు. బరువు కోసం వేశాను.

మూడో రోజు పొద్దున తండ్రీకూతుళ్లు మా ఇంటికి వచ్చారు. మేం ఉంటున్నది పాత కచేరీ వెనక భాగంలో. ముందు భాగం నాన్న ఉండగానే చేతులు మారింది. అమ్మాయి తండ్రి చెప్పులు గేటు బయటే వదిలి వచ్చాడు.

"సలాం దొర సాబ్."

"కూసో" అన్నాను.

"వద్దు సాబ్, గిట్ల మంచిగుంది."

అమ్మాయి అప్పటికే కుర్చీలో కూర్చుంది. "అబ్బా, కూసోమంటుండ్రు గద" అని తండ్రితో అంది. ఆయన వినలేదు. మా ఆవిడ టీ తెచ్చింది. ఆయన నిలబడే తీసుకున్నాడు.

"తగాదకు రాలె సాబ్. మీరిచ్చింది మీరిచ్చిండ్రు" అన్నాడు. "నా ఫోన్ల వీడియో ఉంది. ఆట నాకు సమజ్ కాదు గాని, బిడ్డ ఆడుతుందని తీస్త. దాంట్ల ఒక్క ముచ్చట నాకు తెలుస్తలేదు. మిమ్ముల్నే అడుగుదమని అచ్చిన."

ఫోన్ అద్దం మీద టేపు అంటించి ఉంది. ఆయన ఆ రోజు సరిగ్గా నా వెనక నిలబడ్డాడు. తెరలో సగం నేనే, తెల్ల టోపీ, నీలం చొక్కా, ఒక చెవి. నా భుజం పక్కనుంచి అమ్మాయి కనిపిస్తోంది.

"ఇగో, గిక్కడ. పిల్ల బాల్ కళ్లకు పెట్టుకుంది. మీరు గిట్ల తల ఊపిండ్రు. నేనేమనుకున్న, అంపైర్ సాబ్ ఇజాజత్ ఇచ్చిండు, ఇగ వెయ్యి అన్నట్టు. మరి సరే అని మీరే తల ఊపి, మళ్ల మీరే తప్పెట్ల అన్నరు సాబ్? గదే నాకు తెలుస్తలేదు."

"అంపైర్ తల ఊపడు" అన్నాను.

"ఊపిండ్రు గద సాబ్." ఆయన వీడియోను వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు. వెటకారం లేదు, కోపం లేదు. మిషన్‌లో దారం ఎక్కడ తెగుతోందో చూపించే మనిషిలాగా, వేలు పెట్టి చూపించాడు. తెల్ల టోపీ ముందుకు వంగింది. ఒక్కసారే, నెమ్మదిగా. మళ్లీ లేచింది.

అమ్మాయి అంది. "మీరు తల దించినప్పుడే నేను చేతులు దించిన సార్. ఇక్కడికి తెచ్చి ఆగిన." గుండె మీద చేయి పెట్టి చూపింది. "ఒకటి, రెండు అనుకున్న. మీరు తలెత్తేటాలకు వేస్తున్న."

"వీడియో చూసి తీర్పు మార్చరు. అది నియమం" అన్నాను.

"నాకు ఎరికె సార్. మ్యాచ్ అడుగుతలేను. మ్యాచ్ పోయింది. నాకు అలవాటే అట్లుందని కాగితంల రాసిండ్రట గద. గది అడుగుతున్న. మీరు చూసింది ఒక్క బంతి. అదీ సగమే."

ఇరవై ఏళ్ల పిల్ల నా ఇంట్లో కూర్చుని నాతో ఆ మాట అంది. తండ్రి కంగారుపడి "అట్లనొద్దు బేటా" అన్నాడు. నేను లేచి, వీడియో నా ఫోన్‌కు పంపించమని చెప్పి, వాళ్లను గేటు దాకా సాగనంపాను. లిస్టు ఎప్పుడు ఖాయం చేస్తారని అడిగితే, ఆదివారం అంది. అది బుధవారం.

వాళ్లు వెళ్లాక ఆ వీడియోను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఆమె చేతుల వరుస స్పష్టంగా ఉంది. కింద నుంచి కళ్ల దాకా, కళ్ల నుంచి గుండె దాకా, అక్కడ ఆగడం, విసరడం. కదిలి ఆగింది. నియమం కోరేది అదే. నేను చెప్పింది దానికి తలకిందులు. ఇంతకీ నేను ఎందుకు తల దించాను? చెమట కారిందా అనుకున్నాను. పురుగేదైనా వాలిందా అనుకున్నాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ నా భుజం మీదుగా చూసింది.

"ఎవలి దండం తీసుకుంటున్నరు?" అంది.

"ఏంది?"

"గా తల ఊపుడు. మీ నాయిన గట్లనే ఊపుతుండె, ఎవలన్న దండం పెడితె. మీకు పెట్టిందనుకున్నరా ఏంది? గా పిల్ల దండం పెట్టింది బాల్‌కు."

ఆమెకు ఆట తెలియదు. నేను మైదానంలో అరిచిన మాట తెలియదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పి, తరిగిన బెండకాయల చేటతో లోపలికి వెళ్లిపోయింది.

చిన్నప్పుడు నేను కచేరీలో తాత కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్లు గడప ఇవతల నిలబడేవారు. ముందు చేతులు గుండె దగ్గర జోడించి ఆగేవారు. తాత చూసేదాకా అలాగే ఆగేవారు. ఆయన చూడగానే, జోడించిన చేతులు కళ్లదాకా ఎత్తేవారు. ఆయన తల ఒక్కసారి ముందుకు వంచి, చూపు కిందికి దించేవాడు. అప్పుడు వాళ్లు మాట్లాడవచ్చు. ముందు ఆగడం, తర్వాత ఎత్తడం. అదే వరుస. నేను ఆ వరుసను వందలసార్లు చూశాను. చేతులు కళ్ల దగ్గర కనిపిస్తే, అంతకుముందు గుండె దగ్గర ఆగి ఉంటాయని నాకు వేరే చూడాల్సిన పని లేదు. మూడో బేస్ దగ్గర నేను చూడనిది అలా పూరించుకున్నాను. దండం అందుకున్నాను. దండం పెట్టిన మనిషినే తప్పు పట్టాను.

మర్నాడు పొద్దున అమ్మాయికి కబురు పెట్టాను. బంతులు, గ్లవ్, క్యాచర్‌తో మా ఇంటి వెనక ఖాళీ జాగాకు రమ్మన్నాను. వీడియోలో ఉన్నది ఒక బంతే. ఒక బంతి చూసి అలవాటని రాయడం తప్పయితే, ఒక బంతి చూసి అలవాటు మంచిదే అని రాయడమూ తప్పే. ఆ జాగాలో పిచ్చి తుమ్మలు తప్ప ఏమీ లేవు. పిచర్ నిలబడడానికి ఎత్తు కావాలి. తండ్రి కూడా దుకాణం తెరవకుండా వచ్చాడు. ఎర్ర మొరం, చెరువు మట్టి కలిపి నలుగురం దిబ్బ పోశాం. నేను పార పట్టుకుంటే ఆయన లాక్కోబోయాడు.

"మీరు ఇడువుండ్రి దొర సాబ్, నేను చేస్త."

"ముప్పై ఏండ్లు గ్రౌండ్ల సున్నం గీతలు గీసినోణ్ణి. నువ్వు మట్టి తే" అన్నాను.

టేపుతో అరవై అడుగుల ఆరంగుళాలు కొలిచి క్యాచర్‌ను కూర్చోబెట్టాను. మూడో బేస్ ఎక్కడ వస్తుందో చూసుకుని అక్కడ నిలబడ్డాను. అరవై బంతులు వేయాలన్నాను. సరైనదానికి ఎడమ డబ్బాలో చింతగింజ, తప్పయినదానికి కుడి డబ్బాలో. మొదటి బంతి సరిగ్గా చూశాను. రెండో బంతికి తండ్రి కిసుక్కున నవ్వాడు.

"సాబ్, మళ్ల ఊపిండ్రు."

అమ్మాయి గ్లవ్ వెనక ముఖం దాచుకుంది. క్యాచర్ దాచుకోలేదు. నాకు అప్పటిదాకా పూర్తిగా నమ్మకం లేదు. తెలిసి ఉండి, చూసుకుంటూ ఉండి కూడా మెడ వంగింది. ఆ బంతిని లెక్కలో వేయలేదు. మూడో బంతి నుంచి ఎడమ చేతిని గడ్డం కింద పెట్టుకుని నిలబడ్డాను.

ఎండ పెరిగేదాకా వేసింది. ఎడమ డబ్బాలో యాభై ఎనిమిది గింజలు, కుడి డబ్బాలో రెండు. అలిసిపోయినప్పుడు రెండుసార్లు బంతిని కళ్ల దగ్గరే కాసేపు ఉంచింది. అక్కడ ఆగి, గుండె దగ్గర మళ్లీ ఆగితే రెండుసార్లు ఆగినట్టు. అదీ బాల్కే.

"కండ్ల దగ్గర ఆగొద్దు. తాకిచ్చి దించు" అన్నాను.

"బిస్మిల్లా అనుకునేంత సేపు సార్, గంతే."

"దించుకుంట అనుకో."

ఆమె ఒకసారి చేసి చూసింది. చేతులు దిగుతుంటే పెదవులు కదిలాయి, గుండె దగ్గర రెండూ ఆగాయి. "గిట్లనా?"

"గంతే."

తండ్రి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అలవాటే మాన్పియ్యాలెనా సాబ్? నన్ను చూసి నేర్చుకుంది."

"వద్దు" అన్నాను. "తప్పు దానిది గాదు."

కొత్త నివేదిక రాయడానికి రెండు రోజులు పట్టింది. నియమాల భాగం పావుగంటలో అయిపోయింది. "ఆ సమయంలో నేను తల దించి ఉన్నందువల్ల బంతిని పూర్తిగా చూడలేదు" అనే వాక్యం దగ్గర ఆగిపోయాను. దించాను అని రాసి కొట్టేశాను. దృష్టి మళ్లింది అని రాసి కొట్టేశాను. మా ఇంటి కాగితాల్లో ఇలాంటి వాక్యం ఉండదు. అమ్మినప్పుడు కూడా మా నాన్న కాగితాల్లో "నా ఇష్టపూర్వకంగా" అనే ఉంటుంది. చివరికి మొదట రాసిన మాటే ఉంచాను. యాభై ఎనిమిది సరైనవి, రెండు తప్పు అని లెక్క కూడా రాశాను.

నివేదిక కార్యదర్శి ద్వారా వెళ్లాలి. శనివారం అతని ఆఫీసుకు వెళ్లాను. చదివి, తలుపు దగ్గరికి వేశాడు.

"ఎందుకు సార్ గిదంత? ఒక్క బంతి తప్పిచ్చిన అంటె, ఇరవై ఏండ్లల్ల ఇచ్చినయన్ని తిరగదోడుతరు. కండ్లల్ల ఎండ కొట్టింది అని రాయుండ్రి. పిల్లకు న్యాయమైతది, మీ మాట నిలుస్తది."

"ఎండ నా వెనక ఉండె."

"గది ఎవలు చూసిండ్రు సార్?"

"నేను చూసిన."

అతను నవ్వాడు. "మరి తల ఎందుకు దించిండ్రు అని అడుగుతరు. ఏం చెప్తరు?"

"అడిగితె చెప్త."

అడిగారు. ఆదివారం హైదరాబాదులో కమిటీ కూర్చుంది. నర్సాపూర్ మీదుగా వెళ్లే మొదటి బస్సులో వెళ్లాను. అయిదుగురు ఉన్నారు, అందరూ నాకంటే చిన్నవాళ్లు. కుర్చీ చూపించారు, నేను నిలబడే చెప్పాను. మధ్యలో కూర్చున్నావిడ ఒకప్పుడు దేశం తరఫున ఆడిన మనిషి. ఆమె వీడియో చూసి, నివేదిక చూసి, "తల ఎందుకు దించారు?" అని అడిగింది.

"ఆమె నాకు దండం పెట్టిందనుకున్నాను" అన్నాను.

ఇద్దరు నవ్వారు. ఒకాయన తల వంచుకుని కాగితం మీద ఏదో గీశాడు. ఆవిడ నవ్వలేదు. "పెట్టకపోతే?" అంది.

"పెట్టలేదు. అందుకే వచ్చాను."

వాళ్లు నన్ను బయట కూర్చోమన్నారు. గంట తర్వాత లిస్టు తలుపు మీద అంటించారు. పిచర్ల వరుసలో రెండో పేరు ఆ అమ్మాయిదే. తండ్రికి ఫోన్ చేసి చెప్పాను. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆ తర్వాత "దొర సాబ్, జర లైన్ల ఉండుండ్రి, బిడ్డకిస్త" అన్నాడు. అమ్మాయి ఫోన్ తీసుకుని, మొదట అడిగింది క్యాంపు ఏ తారీఖు అని.

నా సంగతి పదిహేను రోజుల తర్వాత ఉత్తరంలో వచ్చింది. ఇన్నేళ్ల సేవకు ధన్యవాదాలు, వయసు దృష్ట్యా ప్యానెల్ నుంచి విరామం. వయసు సంగతి రాయడం మర్యాద కోసం. నేను ఆ కమిటీలో ఉన్నా అదే చేసేవాణ్ణి. బంతి చేతిలో ఉండగా తల దించే అంపైర్‌ను ప్యానెల్‌లో ఉంచకూడదు. మా ఆవిడ ఆ ఉత్తరం చదివి, మడిచి, అలమారలో పెట్టింది.

కాలేజీ మైదానంలో ఇప్పటికీ సరైన దిబ్బ లేదు. క్యాంపు దాకా ఆ అమ్మాయి మా వెనక జాగాలోనే వేసింది. రోజూ పొద్దున క్యాచర్‌తో వచ్చేది. నేను గోడ పక్కన నిలబడి చూసేవాణ్ణి. కుడి డబ్బాలో గింజ పడని రోజులు ఎక్కువయ్యాయి. దిబ్బ ముందు భాగం ఆమె కాలు పడేచోట గుంటపడితే, తండ్రి ఆదివారాలు వచ్చి మట్టి పోసి తొక్కేవాడు. తొక్కడం అయిపోయాక ఒక ఆదివారం మొదటిసారి మా ఇంట్లో కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లు నొస్తున్నయ్ సాబ్, అన్నాడు.

ఆ జాగా నాదీ మా చిన్నాన్న కొడుకులదీ ఉమ్మడి. అప్పటికే వాళ్లు దానికి బేరం చూశారు. సంతకానికి రమ్మని మూడుసార్లు ఫోన్ చేశారు. అమ్మాయి క్యాంపుకు వెళ్లేదాకా రానని చెప్పాను. దీపావళి వెళ్లిన తర్వాతి వారం ఆమె బస్సెక్కింది. నాలుగు రోజులకు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి, ఆరు వందల అరవై గజాల ఆ జాగాను, వెనక గోడతో, మట్టి దిబ్బతో సహా, సిమెంటు ఇటుకలు చేసేవాళ్లకు అమ్మేశాం.